చక్రం తిప్పే బలం



చెన్నై నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా వస్తుంటే, తడ దగ్గర ఎడమ పక్కన శ్రీసిటీకి దారి చీలుతుంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల మధ్య 2008లో మొదలైన పారిశ్రామిక నగరం అది. మొదట చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చాక్లెట్ల నుంచి ఏసీల దాకా అక్కడ తయారు కానిదంటూ లేదేమో అనిపిస్తుంది. మనకు ఈ రోజు కావలసింది మాత్రం బళ్ల సంగతి. మెట్రో రైళ్లు చేసే ఆల్‌స్టామ్, మట్టి తవ్వే యంత్రాలు చేసే కొబెల్కో, పికప్ బళ్లు చేసే ఇసుజు, ఈ మూడూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఈ మూడు బళ్లూ మలుపు తిరిగే పద్ధతి మాత్రం దేనిది దానిదే.

ముందు రైలు సంగతి చెప్పేస్తాను, అందులో స్టీరింగే లేదు కాబట్టి. చెన్నై, కొచ్చి మెట్రోల పెట్టెలు చాలా వరకు శ్రీసిటీలోనే తయారయ్యాయి. 2019లో సిడ్నీలో మొదలైన, డ్రైవరే లేని మెట్రో రైళ్లు కూడా ఇక్కడి నుంచే ఓడ ఎక్కి వెళ్లాయి. రైలు చక్రం అంచు సమతలంగా ఉండదు, లోపలి వైపు లావుగా, బయటికి పోనుపోను సన్నగా ఉంటుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. పట్టా వంకర తిరిగినప్పుడు ఇరుసు రవంత బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. ఒక్కో చుట్టుకు బయటిది ఎక్కువ దూరం పోతుంది, లోపలిది తక్కువ పోతుంది, ఇరుసు దానంతటదే వంపు వెంట తిరుగుతుంది. చక్రానికి లోపల ఉండే గట్టు వల్లే రైలు మళ్లుతుందని చాలామంది అనుకుంటారు. ఆ గట్టు ఆఖరి కాపలా మాత్రమే.

ఇక మట్టి తవ్వే యంత్రం. ఏ కంపెనీది అయినా మన ఊళ్లలో దాన్ని పొక్లెయిన్ అనే అంటాం. కొబెల్కోదీ పొక్లెయినే, కంపెనీవాళ్లు ఏమనుకున్నా సరే. దానికి రెండు పక్కలా ఇనుప పట్టీలు, ఒక్కో పట్టీకి ఒక్కో మోటారు ఉంటాయి. కుడి పట్టీని ముందుకు, ఎడమ పట్టీని వెనక్కి నడిపితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పట్టీలు నేలను గోకేస్తాయి కనుక తారు రోడ్డు మీద దాన్ని నడిపించరు, లారీ మీద ఎక్కించి తీసుకుపోతారు.

మిగిలింది రోడ్డు బండి. అసలు చిక్కంతా దీనిలోనే ఉంది. రబ్బరు టైరు, తారు రోడ్డు, దారి చూపే పట్టా లేదు, నేలను గోకే వీలూ లేదు.

ఎద్దులబండికి ఈ తలనొప్పి లేదు. రెండే చక్రాలు, ఒక్కొక్కటీ ఇరుసు చివర దాని పాటికి అది తిరుగుతుంది, మళ్లించే పని ఎద్దులది. నాలుగు చక్రాలు వచ్చేసరికి కష్టం మొదలైంది. పాతకాలం గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు మొత్తాన్ని నడిమి మేకు మీద తిప్పేవారు. గట్టిగా తిప్పితే చక్రాలు బండి కిందికి వచ్చేసేవి, బండి ఒరిగి బోల్తా పడేది. మ్యూనిక్‌లో బగ్గీలు చేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన ఇరుసును కదిలించకుండా, దాని రెండు కొసల దగ్గర చక్రాలను మాత్రమే తిప్పే ఉపాయం కనిపెట్టాడు. లండన్‌లో ఆయన తరఫున రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818లో పేటెంటు తీసుకున్నాడు. రెండు వందల ఏళ్లుగా ఇంజినీరింగ్ పిల్లలు ఏజెంటు పేరే బట్టీ పడుతున్నారు. కనిపెట్టినవాడి పేరు పరీక్షలో రాదు.

ఆ ఉపాయంలో ఒక సూక్ష్మం ఉంది. మలుపులో రెండు ముందు చక్రాలూ ఒకే కోణంలో తిరగకూడదు. లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి కనుక లోపలిది ఎక్కువ వంగాలి. ముందు వెనక చక్రాల మధ్య మూడు మీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య మీటరున్నర ఉన్న బండిని తీసుకోండి. లోపలి చక్రం 35 డిగ్రీలు తిరిగితే, లెక్క ప్రకారం బయటిది 27 డిగ్రీల దగ్గర ఆగాలి. రెండింటినీ కలిపే టై రాడ్డును, అది తగులుకునే చేతులను కొంచెం ఏటవాలుగా అమర్చి ఈ తేడా రాబడతారు. లెక్క తప్పితే టైరు దొర్లడం మాని ఈడ్చుకుపోతుంది. ముందు టైర్ల అంచులు తొందరగా అరిగిపోతే అలైన్‌మెంట్ చూపించమని మెకానిక్ చెప్పేది అందుకే.

చక్రాలను తిప్పే తీరు కుదిరింది. తిప్పే బలం ఎక్కడి నుంచి రావాలి?

మొదట్లో కార్లకు పడవ చుక్కానిలాగే ఒక కర్ర ఉండేది. 1894లో పారిస్ నుంచి రువాన్‌కు జరిగిన పోటీలో ఆల్‌ఫ్రెడ్ వాషెరాన్ తన పానార్ కారుకు గుండ్రటి స్టీరింగ్ చక్రం బిగించుకొచ్చాడు. కర్ర కన్నా చక్రం మెరుగు ఎందుకంటే, కర్రను ఎంత తిప్పినా అర్ధచంద్రం లోపే, చక్రాన్ని ఎన్ని చుట్లయినా తిప్పవచ్చు. చుట్లు పెరిగితే పళ్ల చక్రాలు పెట్టుకోవచ్చు, పళ్ల చక్రాలు ఉంటే బలం పెరుగుతుంది. ఇక్కడ ఒక బేరం ఉంది శ్రోతలారా, ఈ ప్రసంగానికి అసలు కీలకం అదే. బరువు తగ్గాలంటే చుట్లు పెరగాలి. చుట్లు తగ్గాలంటే భుజాలు నొప్పి పుట్టాలి.

మీ వీధిలో తిరిగే ఆటోకు ఈ బేరం అవసరం లేదు. హ్యాండిల్ ఎంత తిరిగితే ముందు చక్రమూ అంతే తిరుగుతుంది, మీద బరువు కూడా తక్కువే. మామూలు కారులో స్టీరింగ్ 16 డిగ్రీలు తిరిగితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది అనుకుందాం. ఈ కొస నుంచి ఆ కొసకు మూడు చుట్లకు కొంచెం పైన పడుతుంది. లారీకి 16 చాలదు, 24 కావాలి, అంటే దాదాపు అయిదు చుట్లు. అందుకే పాత లారీల్లో స్టీరింగ్ చక్రాలు అంత పెద్దవిగా ఉండేవి. చక్రం పెద్దదైన కొద్దీ చేతికి పట్టు దొరుకుతుంది.

ఈ బేరం కుదిర్చే పెట్టెనే మనవాళ్లు స్టీరింగ్ బాక్సు అంటారు. అందులో రకరకాలు వచ్చాయి. కడ్డీ మీద మరలాగా గాడి చెక్కి దాని పక్కన పళ్ల ముక్కను తిప్పేది వార్మ్ రకం. పాత జీపులో ఇంచుమించు ఇలాంటిదే ఉండేది. ఆ గాడిలో ఇనుప గోళీలు నింపి, అవి తిరిగి తిరిగి మళ్లీ మొదటికి వచ్చేట్టు చేసింది ఇంకో రకం. గోళీలు దొర్లుతాయి కనుక రాపిడి తక్కువ, మొరటు బరువును తట్టుకుంటుంది. లారీలూ బస్సులూ దాన్నే నమ్ముకున్నాయి. ఇక మూడోది ర్యాక్ అండ్ పినియన్. అడ్డంగా ఒక పళ్ల కడ్డీ, దాని మీద చిన్న పళ్ల చక్రం, అంతే. భాగాలు తక్కువ, రోడ్డు కబురు చేతికి నేరుగా అందుతుంది. మారుతి 800తో మన దగ్గరికి వచ్చిందని అంటారు గానీ, అంబాసిడర్‌లో ఉన్నదీ అదే.

ఇప్పుడు ఒకసారి తిరుమల కొండ వైపు చూడండి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. 36 హెయిర్‌పిన్ మలుపులు. రెండో రోడ్డు 1974లో వచ్చేదాకా ఎక్కడమూ దిగడమూ దాని మీదే. పవర్ స్టీరింగ్ లేని బస్సులో, నిండా జనంతో, ఆ మలుపు ఒక్కొక్కటీ ఎలా తిరిగేదో ఊహించండి. మలుపు మొదట్లో రెండు చేతులతో చక్రాన్ని గుంజుతూ రెండున్నర చుట్లు తిప్పాలి, మలుపు దాటగానే మళ్లీ అన్ని చుట్లూ వదలాలి. ఇంతలో తర్వాతి మలుపు, ఈసారి రెండో వైపుకు. ఆ డ్రైవర్లు సీటు అంచుకు జరిగి, ఒళ్లంతా చక్రం మీద వాల్చి తిప్పేవాళ్లు. ఆ తరం ఆర్టీసీ డ్రైవర్ల భుజాలను గుళ్లో స్తంభాలతో పాటు లెక్కించవచ్చని నా అభిప్రాయం.

మలుపు దాటాక చక్రాన్ని వదిలితే అదే వెనక్కి వస్తుంది కదా, అది ఎవరి దయ? ముందు చక్రం తిరిగే కీలు నిలువుగా ఉండదు, పై కొస కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దాంతో టైరు నేలను తాకే చోటు ఆ కీలు గీతకు వెనక పడుతుంది. బండి కదులుతున్నంతసేపూ రోడ్డే టైరును లాగి తిన్నగా నిలబెడుతుంది. దీన్ని క్యాస్టర్ అంటారు. బండి నిలబడి ఉంటే ఈ సాయమూ ఉండదు, పైగా టైరు దొర్లదు, ఉన్నచోటే రబ్బరు తారు మీద మెలి తిరగాలి. అందుకే కదలని బండిలో స్టీరింగ్ అంత మొరాయిస్తుంది. మామిడి కాలంలో చిత్తూరు పక్క గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరి, అడుగు కదలడం, ఆగడం, మళ్లీ అడుగు కదలడం చూసే ఉంటారు. స్టీరింగ్ బరువు బాగా తెలిసేది అక్కడ. ట్రాక్టరు కొనేటప్పుడు మెకానికల్ స్టీరింగా, పవర్ స్టీరింగా అని రైతు మొదట అడగడంలో ఆశ్చర్యం లేదు.

బేరాన్ని తప్పించిన మనిషి ఫ్రాన్సిస్ డేవిస్. అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీ లారీల విభాగంలో ఇంజినీరు. బరువైన లారీలు తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ దగ్గరుండి చూశాడు. ఉద్యోగం వదిలేసి సొంతంగా ప్రయోగాలు చేసి, 1926లో తన కారుకు నూనె పీడనంతో నడిచే స్టీరింగ్ అమర్చి చూపించాడు. జనరల్ మోటార్స్ ఆసక్తి చూపి, ఖర్చు లెక్కలు వేసుకుని వెనకడుగు వేసింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చి సైనిక వాహనాలకు దాని అవసరం పడింది. జనం కొనుక్కునే కారులో అది రావడానికి 1951 దాకా పట్టింది. అది క్రైస్లర్ ఇంపీరియల్. అప్పటికి డేవిస్ పేటెంట్లలో కొన్నింటికి గడువు తీరిపోయింది కూడా.

ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో రేడియోలో చెప్పడం కొంచెం కష్టమే, ప్రయత్నిస్తాను. ఇంజిన్‌కు బెల్టుతో ఒక పంపు తగిలించి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అది నూనెను తిప్పుతూనే ఉంటుంది. అడ్డంగా ఉండే పళ్ల కడ్డీకి నడుమ ఒక పిస్టన్, దాని చుట్టూ సిలిండరు. పిస్టన్‌కు ఎడమ వైపు నూనె తోస్తే కడ్డీ కుడికి, కుడి వైపు తోస్తే ఎడమకు జరుగుతుంది. ఎటు తోయాలో, ఎంత తోయాలో దానికి ఎలా తెలుస్తుంది? స్టీరింగ్ కడ్డీకీ పళ్ల చక్రానికీ మధ్య చిటికెన వేలి కన్నా సన్నటి ఉక్కు పుల్ల ఒకటి ఉంటుంది. టార్షన్ బార్ అంటారు. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడు, కింద టైరు ఎదురు తిరిగితే ఆ పుల్ల రవంత మెలిపడుతుంది. ఆ మెలికతో వాల్వు తెరుచుకుని నూనె తగిన వైపుకు పారుతుంది. టైరు ఎంత మొండికేస్తే పుల్ల అంత మెలిపడుతుంది, నూనె అంత గట్టిగా తోస్తుంది. మీరు తిప్పడం ఆపగానే పుల్ల తిన్నబడుతుంది, సాయమూ ఆగుతుంది. మూట తలకెత్తుకునేవాడికి పక్కనున్నవాడు చెయ్యి వేసినట్టన్నమాట. మొదట ఎత్తాల్సింది మీరే, మీరు వదిలేస్తే అతనూ వదిలేస్తాడు.

టైర్లలో గాలి 30, 35 పౌండ్లు పెట్టించుకుంటాం కదా. ఈ పంపులో నూనె పీడనం బాగా తిప్పినప్పుడు వెయ్యి పౌండ్లు దాటుతుంది. అంత బలం ఒక చిన్న గొట్టంలో పోతుందంటే, ఆ గొట్టాన్ని తేలిగ్గా తీసుకోవద్దనే.

2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డీ-మ్యాక్స్ పికప్‌లలో ఉన్నది ఈ నూనె పద్ధతే. పికప్ అంటే ముందు బరువైన డీజిల్ ఇంజిను, వెడల్పాటి టైర్లు, వెనక సరుకు. అలాంటి బండికి దమ్మున్న సాయం కావాలి, అది నూనె ఇస్తుంది. పవర్ స్టీరింగ్ వచ్చాక చుట్లూ తగ్గించుకోవచ్చు, బరువూ తగ్గించుకోవచ్చు. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకునే పాత బేరం అక్కడితో పోయింది.

పోయిందంటే ఉత్తినే పోలేదు. మీరు తిన్నగా పోతున్నా, సిగ్నల్ దగ్గర నిలబడ్డా పంపు తిరుగుతూనే ఉంటుంది, డీజిల్ తాగుతూనే ఉంటుంది. చిన్న ఇంజిన్లకు ఇది మోయలేని భారం. జపాన్‌లో 1988లో సుజుకి తన 550 సీసీ బుల్లి కారు సెర్వోకు కోయో సేకో కంపెనీ చేసిన ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టడానికి కారణం అదే. ఇందులో నూనె లేదు, పంపు లేదు, బెల్టూ లేదు. టార్షన్ బార్ మాత్రం అలాగే ఉంది. దాని మెలికను ఒక సెన్సర్ కొలుస్తుంది, కంప్యూటరు లెక్క వేస్తుంది, మోటారు తోస్తుంది. తిప్పినప్పుడే కరెంటు తీసుకుంటుంది. ఇవాళ మన దేశంలో అమ్ముడయ్యే చిన్న కార్లలో దాదాపు అన్నింటిదీ ఇదే పద్ధతి. పెద్ద లారీలకు మాత్రం ఇంకా నూనే, ఎందుకంటే అంత బరువును మామూలు బ్యాటరీ మీద నడిచే మోటారుతో తిప్పాలంటే పెద్ద యాతన. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్‌లో తిరుగుతున్న విద్యుత్ బస్సుల్లాంటి వాటికి ఇంకో చిక్కు. బెల్టు తగిలించడానికి ఇంజినే లేదు. అలాంటి బళ్లలో స్టీరింగ్ కోసం వేరే మోటారు పెట్టాలి.

కంప్యూటరు చేతికి వచ్చాక సాయాన్ని వేగాన్ని బట్టి మార్చడం తేలికైంది. ఇది గొప్ప మేలు. పార్కింగ్‌లో ఒక్క వేలితో తిరిగే స్టీరింగ్, నాయుడుపేట దాటాక వంద వేగంలో కూడా అంతే తేలిగ్గా తిరిగితే తుమ్మినా బండి పక్క లేనులోకి పోతుంది. వేగం పెరిగే కొద్దీ స్టీరింగ్ బరువెక్కాలి. షోరూములో నిలబడ్డ బండి స్టీరింగ్ తిప్పి "ఆహా, ఎంత స్మూత్" అని మురిసిపోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బండిని హైవే మీదికి తీసుకుపోయి, వేగంలో చేతికి ఏం తెలుస్తుందో చూడండి. ఇసుక మీదికి చక్రం ఎక్కినా, వాన నీటిలో జారినా ముందు చేతులకు తెలియాలి, తర్వాతే కళ్లకు. ఈ కబురు మోసే విషయంలో పాత నూనె స్టీరింగ్‌కే నా ఓటు, డీజిల్ కొంచెం ఎక్కువ తాగినా సరే.

కొన్ని కార్లలో ఇప్పుడు స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య కడ్డీనే తీసేసి తీగలతోనే పని నడిపిస్తున్నారు. 2013లో ఇన్ఫినిటీ క్యూ50 ఈ దారి పట్టినప్పుడు, అవసరానికి ఉంటుందని మధ్యలో ఒక క్లచ్చు దాచి ఉంచింది. 2023లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్ ఆ క్లచ్చు కూడా ఉంచలేదు. మన రోడ్ల మీదికి అది మామూలు సంగతిగా వచ్చేదాకా మాత్రం మీ చేతికీ చక్రానికీ మధ్య ఇనుప కడ్డీ ఉందనే ధైర్యం ఉంచుకోండి.

ఆ ధైర్యం ఎందుకు అవసరమో చెబుతాను. ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో జారనిచ్చే అలవాటు కొందరికి ఇంకా ఉంది. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా రాయి అవుతుంది. బ్రేకుకు ఇంజిన్ ఇచ్చే సాయమూ రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది. తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగ్ లాక్ కూడా పడుతుంది. మలుపు మధ్యలో ఇవన్నీ ఒకేసారి జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజిన్ నడుస్తూనే ఉండాలి.

స్టీరింగ్‌ను పూర్తిగా ఒక కొసకు తిప్పి అలాగే బిగించి పట్టుకోకండి, నాలుగైదు సెకన్లు దాటితే నూనె కాగిపోతుంది. తిప్పినప్పుడు కూతలాంటి శబ్దం వస్తే ముందు నూనె మట్టం చూడండి. ఒక పక్కకు తేలిగ్గా, ఇంకో పక్కకు బరువుగా తిరిగితే వాల్వు దగ్గరో సీళ్ల దగ్గరో లోపం ఉండవచ్చు. చక్రం కదలకుండానే స్టీరింగ్ అటూ ఇటూ ఆడితే బాల్ జాయింట్లు చూపించాలి, అది వాయిదా వేసే పని కాదు. బండి ఒక పక్కకు లాగితే మాత్రం మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు టైర్లలో గాలి కొట్టించుకోండి. సగం జబ్బులు అక్కడే నయమవుతాయి.

ఇన్ని చేసినా ఒకనాడు నడిరోడ్డు మీద పవర్ పోతే, డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ గుర్తు ఎర్రగా వెలిగితే కంగారుపడకండి. సాయం పోయింది గానీ స్టీరింగ్ పోలేదు, కడ్డీ ఉంది, పళ్ల చక్రం ఉంది, మీ భుజాలు ఉన్నాయి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, ఇండికేటర్ వేసి, ఎడమ పక్కకు తీసి ఆపండి. ఆ తర్వాత మెకానిక్‌కు ఫోన్ చెయ్యండి.